యాప్ సరే, చూసేదెవరు?

సంపాదకునికి,

క్యాన్సర్‌కు ఇచ్చే కీమో తర్వాత వచ్చే వాంతులు, నీరసం, చేతుల తిమ్మిర్లు అందరికీ ఒకేలా ఉండవు. డాక్టరు ముందు కూర్చునేసరికి సగం మర్చిపోతాం. మిగతా సగం ‘ఇదీ ఓ బాధేనా’ అనుకుని చెప్పం. అందుకే ఈ బాధల్ని రోగే ఎప్పటికప్పుడు నమోదు చేసే యాప్ మంచిదే. అమెరికాలో ముదిరిన క్యాన్సర్ ఉన్న 766 మందిపై చేసిన అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. ట్యాబ్‌లోనో కంప్యూటర్‌లోనో తమ లక్షణాలు నమోదు చేసినవారి మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకంటే ఎక్కువ బతికిన కాలం) 31.2 నెలలు, మామూలు పద్ధతిలో 26 నెలలు. బాధ ఎక్కువైందని నొక్కగానే నర్సుకు ఈమెయిల్ వెళ్లేది. నా లెక్కలో అసలు కిటుకు అదే. యాప్‌లో నిద్ర, భయం, ఉద్యోగం, ఖర్చుల టెన్షన్ గురించి కూడా అడిగితేనే చికిత్స ఆ మనిషికి తగిన ప్రణాళిక అవుతుంది. ఆసుపత్రులు యాప్ కొనేముందు, రాత్రిపూట వచ్చే సందేశాలు ఎవరు చూస్తారో రోగులకు చెప్పాలి. ఫోన్ వాడలేనివారికి నర్సే ఫోన్ చేసి అడిగి రాసుకోవాలి.

— ఒక పాఠకురాలు