హాఫ్ హెల్మెట్లు ఇక మా దగ్గర దొరకవు

మా షాపుకి వచ్చే అన్నలకీ అక్కలకీ ముందుగా అసలు విషయం. చెవుల పైదాకా మాత్రమే వచ్చే హాఫ్ హెల్మెట్లు ఈ నెల నుంచి అమ్మడం మానేశాం. "చలానా పడకుండా ఏదో ఒకటి, రెండొందల్లో ఇవ్వండి" అని రోజూ ఫోన్లు వస్తున్నాయి. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, ఎందుకు మానేశామో, బదులుగా ఏం పెట్టామో ఇక్కడే రాస్తున్నాం.

హెల్మెట్ చట్టం గురించి మేం చెప్పే మాటని కాస్త చూసుకుని నమ్మండి. విజయవాడ బెంజి సర్కిల్లో పోలీసుల స్పెషల్ డ్రైవ్ మొదలైతే మా గల్లాపెట్టె నిండుతుంది. డ్రైవ్ చల్లబడ్డాక మళ్లీ ఈగలు తోలుకుంటాం. చట్టం గట్టిగా అమలైతే లాభపడేవాళ్లం కాబట్టి, చట్టం మంచిదని మేం చెప్పడంలో మా స్వార్థం కూడా ఉంది. అయినా చెప్పాల్సింది ఉంది.

"తల నాది, పగిలితే నాదే పగులుతుంది, మధ్యలో ప్రభుత్వానికేంటి?" అనే ప్రశ్న చిన్నదేం కాదు. అమెరికాలో ఉన్న పిల్లలు కూడా ఇదే చెబుతుంటారు, అక్కడ చాలా రాష్ట్రాల్లో పెద్దవాళ్లకి హెల్మెట్ వాళ్ల ఇష్టమని. నిజమే. ఇల్లినాయిలో అసలు చట్టమే లేదు. ఫ్లోరిడాలో 2000 నుంచి 21 ఏళ్లు దాటినవాళ్లు హెల్మెట్ లేకుండా నడపొచ్చు. కానీ ఫ్లోరిడాలో ఆ ఇష్టానికి ఒక షరతుంది: కనీసం 10,000 డాలర్ల వైద్య ఖర్చు భరించే ఇన్సూరెన్సు ఉండాలి. 2012లో చట్టం సడలించిన మిషిగన్‌లో అది 20,000 డాలర్లు. అంటే, నీ ఇష్టం నీదే, దాని బిల్లు ఎవరు కడతారో ముందే చూపించమని అడిగారు. మన దగ్గర ఆ బిల్లు ఇంట్లోవాళ్ల గాజులు తాకట్టు పెట్టి కడతారు. ఇష్టం ఒకరిది, ఖర్చు ఇంకొకరిది.

వెనక కూర్చునేవాళ్ల సంగతి ఇంకా వేరు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడపలేదు, వెనక కూర్చున్నారు. వాళ్లలో ఎంతమందికి నిజంగా ఎంచుకునే వీలుందో ఆలోచించండి. మన ఇళ్లలో బండికి ఒకటే హెల్మెట్, అది నడిపేవాడి నెత్తిన ఉంటుంది. ఇంకో హెల్మెట్ కొనకుండా "తనే వద్దంది" అంటే సరిపోదు.

ఇక చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 1988లోని 129వ సెక్షన్ నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, నడిపినా వెనక కూర్చున్నా, హెల్మెట్ తప్పనిసరి అంటుంది. తలపాగా కట్టుకున్న సిక్కులకి మినహాయింపు ఉంది. 2019 సవరణతో వచ్చిన 194-డి ప్రకారం జరిమానా 1,000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. తెలంగాణలో వేసే చలానా ఇంతకంటే బాగా తక్కువ. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024లో హైకోర్టు గట్టిగా చెప్పాకే తనిఖీలు ఊపందుకున్నాయి. ఎవరూ పట్టించుకోని ముక్క ఒకటి ఆ 129వ సెక్షన్‌లోనే ఉంది: తలకి పట్టీతో గట్టిగా బిగించి ఉంటేనే అది హెల్మెట్ కింద లెక్క. కెమెరాకి మాత్రం నెత్తి మీద గుండ్రంగా ఏదో కనిపిస్తే చాలు. చట్టం అడిగేదానికీ కెమెరా చూసేదానికీ మధ్య ఉన్న ఈ సందులోనే ఫుట్‌పాత్ హెల్మెట్ల వ్యాపారం బతుకుతోంది. నిజాయితీగా చెప్పాలంటే, నిన్నమొన్నటిదాకా మా వ్యాపారంలోనూ కొంత ఆ సందులోదే.

ఆ రెండొందల హెల్మెట్‌ని బోర్లించి లోపల గుడ్డ పక్కకి లాగి చూడండి. పలచటి ప్లాస్టిక్ చిప్ప, దానికి అతికించిన అరంగుళం స్పాంజి, అంతే. కాపాడేది చిప్ప కాదు, దాని లోపలుండే గట్టి థర్మాకోల్. తల రోడ్డుకి తగిలినప్పుడు ఆ థర్మాకోల్ నలిగి దెబ్బని తను తీసుకుంటుంది, మెదడుకి చేరే కుదుపుని తగ్గిస్తుంది. స్పాంజి కూడా నలుగుతుంది కదా అంటారు. వేలితో నొక్కితేనే అడుగంటే స్పాంజి, తల బరువు పడితే లేనట్టే. నలిగిన థర్మాకోల్ మళ్లీ పొంగదు, అందుకే ఒక్క ప్రమాదం చూసిన హెల్మెట్ పైకి గీత కూడా లేకపోయినా పనికిరాదు.

ఐ.ఎస్.ఐ. గుర్తు చూశాం అని చాలామంది అంటారు. గుర్తు స్టిక్కరు పది రూపాయలకి అచ్చవుతుంది. చూడాల్సింది ఇది: గుర్తు పైన ఐ.ఎస్. 4151 అని (బైకు హెల్మెట్ల ప్రమాణం నంబరు అది), కింద సి.ఎం./ఎల్. అని దాని పక్కన లైసెన్సు అంకెలు ఉండాలి. ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ యాప్ బి.ఐ.ఎస్. కేర్‌ని ఫోన్లో తెరిచి ఆ అంకెలు కొట్టండి. కంపెనీ పేరు, లైసెన్సు నడుస్తోందో లేదో చూపిస్తుంది. ఆ పేరూ హెల్మెట్ మీది పేరూ ఒకటి కాకపోతే అక్కడే వదిలేయండి. మా కౌంటర్లోనే, డబ్బులిచ్చే ముందే చూసుకోండి, మేమేం అనుకోం. 2021 జూన్ 1 నుంచి ఈ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. దొరికితే అమ్మినవాడికి రెండేళ్ల దాకా జైలు, లేదా కనీసం రెండు లక్షల జరిమానా. వెనక "డాట్" అని, అంటే అమెరికా ప్రమాణం గుర్తు, రాసి ఉంటే ఫారిన్ మాల్ అనుకుంటారు. ఐ.ఎస్.ఐ. లేకుండా అదొక్కటే ఉంటే ఇక్కడ అమ్మకూడదు.

ఇప్పుడు సైజు. తిరిగొచ్చే హెల్మెట్లలో ఎక్కువ భాగం సైజు గొడవే. టైలరు టేపుతో కనుబొమ్మలకి ఒక అంగుళం పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట నుంచి చుట్టూ కొలవండి. 57, 58 సెంటీమీటర్లు వస్తే మీడియం, 59, 60 అయితే లార్జ్. రెండింటి మధ్య వస్తే చిన్నదే తీసుకోండి, లోపలి మెత్త వాడేకొద్దీ అణిగి వదులవుతుంది. కొత్తదానికి బుగ్గలు కాస్త నొక్కుకోవాలి. నుదుటి మీద ఒకేచోట గుచ్చుతుంటే మాత్రం అది సైజు తప్పు కాదు, మీ తల ఆకారానికి ఆ మోడల్ సరిపడలేదు, వేరే కంపెనీది చూడండి. పట్టీ బిగించి, గడ్డం కింద ఒకటీ రెండు వేళ్లు పట్టేలా ఉంచి, హెల్మెట్ వెనక అంచు పట్టుకుని ముందుకి ఎత్తండి. ఊడొచ్చేస్తే ఆ సైజు మీది కాదు. మా దగ్గర ఈ పరీక్ష చేయకుండా బిల్లు కొట్టం, తొందరలో వచ్చేవాళ్లు క్షమించాలి.

జుట్టు రాలుతుందన్నది అందరి మొదటి ఫిర్యాదు. కుదుళ్లని హెల్మెట్ పీకదు. మన ఎండలకి చెమట పట్టి, ఆ చెమట లోపలి గుడ్డకి పట్టి, ఉతకక కంపు కొట్టి, తల దురద పెడుతుంది. లోపల పలచటి నూలు టోపీ పెట్టుకుని దాన్ని రోజూ ఉతకండి. మెత్త ఊడొచ్చే మోడల్ కొని, దాన్ని పదిహేను రోజులకోసారి షాంపూ నీళ్లలో పిండి నీడలో ఆరేయండి. హారన్ వినపడదంటారు, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. పక్కలు కనపడవన్నది కూడా నిజం కాదు, గడ్డం కూడా కప్పే మంచి ఫుల్ ఫేస్‌లో మధ్య నుంచి ఒక్కో పక్కకి 105 డిగ్రీల దాకా అడ్డం ఉండదు. కనపడనిది గీతలు పడిన వైజర్, అంటే ముఖం ముందుండే అద్దం, వల్ల. ఎదురు లైటు పడితే ప్రతి గీతా మెరుస్తుంది. వైజర్ విడిగా దొరుకుతుంది, హెల్మెట్ మొత్తం మార్చక్కర్లేదు. నల్ల వైజర్ పగటికే. రాత్రి షిఫ్టు వాళ్లకి అడిగినా ఇవ్వం.

మెడనొప్పి ఫిర్యాదు మాత్రం కొట్టిపారేయలేం. కిలోన్నర దగ్గరుండే హెల్మెట్ రోజంతా పెట్టుకునే డెలివరీ కుర్రాళ్లకి అది నిజమైన బాధే. వాళ్లకోసం ఐ.ఎస్.ఐ. ఉన్న తేలిక ఓపెన్ ఫేస్‌లు తెప్పించాం. గడ్డానికి రక్షణ ఉండదు, అది తెలిసి తీసుకోండి. ఇష్టం అనే మాటకి చోటుందంటే ఇక్కడే ఉంది: ఫుల్ ఫేసా, ఓపెన్ ఫేసా, ఎంత బరువు, ఏ రంగు. లోపల థర్మాకోల్ ఉండాలా వద్దా అన్నది బేరానికి పెట్టే విషయం కాదు. సైజు చాలట్లేదని దాన్ని కాస్త చెక్కివ్వమని అడిగేవాళ్లున్నారు. దయచేసి అడగొద్దు.

అమ్మలకీ అక్కలకీ: కొప్పు, ఎత్తుగా కట్టిన పోనీటెయిల్ ఉంటే ఏ హెల్మెట్టూ సరిగ్గా దిగదు, పైపైన కూర్చుంటుంది. జడని మెడ దగ్గర కిందకి వేసుకుని పెట్టుకోండి. చున్నీ పట్టీ కిందకి వెళ్తే బకిల్ పూర్తిగా పడదు, టక్‌మని శబ్దం వచ్చాక ఒకసారి లాగి చూడండి. నాలుగేళ్లలోపు పిల్లల గురించి వేరే నిబంధన ఉంది, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి వాళ్ల తలకి సరిపడే హెల్మెట్ ఉండాలి, నడిపేవాళ్లకి బిడ్డని కట్టే బెల్టు ఉండాలి, బండి వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. పెద్దల స్మాల్ సైజులో గుడ్డలు కుక్కి పిల్లలకి పెట్టడం పెట్టకపోవడంతో సమానం. పిల్లల సైజులు రెండు రకాలు ఉంచాం, బిడ్డని తీసుకొస్తేనే ఇస్తాం.

హెల్మెట్ సీటు మీద నుంచి జారి పడింది, మార్చాలా? మార్చమంటే మాకు బేరం, కానీ ప్రతిసారీ అక్కర్లేదు. లోపల తల లేకుండా ఆ ఎత్తు నుంచి పడితే థర్మాకోల్ మామూలుగా నలగదు. మెత్త తీసి థర్మాకోల్‌లో పగులుందేమో, చిప్ప నుంచి విడిపోయిందేమో, వేలితో నొక్కితే చిప్ప కిర్రుమంటోందేమో చూడండి. ఏదున్నా తీసేయండి. అంతకంటే ఎక్కువ చెడగొట్టేది అద్దానికి తగిలించడం. అద్దం కొన రోజూ ఒకేచోట గుచ్చి లోపల గుంట పెడుతుంది. పెట్రోలు, థిన్నరు తగిలితే థర్మాకోల్ కరుగుతుంది, చిప్ప పెళుసవుతుంది. అందుకే పెయింటు వేయించుకొచ్చిన హెల్మెట్‌కి మేం గ్యారంటీ ఇవ్వం. తయారీ తేదీ లోపల చీటీ మీద ఉంటుంది, ఐదేళ్లు దాటితే కొత్తది కొనండి.

మార్పిడి పద్ధతి కూడా మార్చాం. సైజు కుదరకపోతే వారం లోపు, బిల్లుతో, కింద పడని హెల్మెట్ అయితే మారుస్తాం. మా దగ్గర కొన్న హాఫ్ హెల్మెట్ ఇంకా వాడుతున్నవాళ్లు దాన్ని తెచ్చిస్తే, కొత్తదాని మీద 150 రూపాయలు తగ్గిస్తాం. బిల్లు అక్కర్లేదు, మేం అమ్మినవి చూస్తే మాకు తెలుస్తాయి. బకిల్ పళ్లు అరిగిన పట్టీలు కూడా తీసుకురండి, మార్చగలిగిన మోడల్ అయితే పట్టీ ఖరీదే తీసుకుంటాం, మార్చే కూలి తీసుకోం. ఆదివారం మధ్యాహ్నం రెండింటి దాకే షాపు.