“బీహార్ బిడ్డ” హెడ్డింగ్ గురించి అమ్మ ఉత్తరం

విజయవాడ
7 జూలై 2025

చిట్టీ,

నువ్వు పంపిన లింకు రాత్రే చదివాను. న్యూస్ డెస్కులో చేరి నెల కాలేదు, అప్పుడే నీ చేతి వార్త వచ్చిందని నాన్న పక్కింటివాళ్లకి కూడా చూపించి వచ్చారు. నాకూ సంతోషమే. కానీ ఆ హెడ్డింగ్! “ట్రినిడాడ్ ప్రధాని మన బీహార్ బిడ్డే”.

తిట్టడానికి రాయడం లేదే. 2010 మే నెలలో దాదాపు ఇదే హెడ్డింగ్ నేనూ పెట్టాను. రాత్రి డ్యూటీ. ట్రినిడాడ్ ఎన్నికల్లో కమలా పెర్సాద్ బిసెసర్ గెలిచిందని న్యూస్ ఏజెన్సీ కాపీ వచ్చింది. పేజీలో సింగిల్ కాలమే మిగిలింది. ఏమేం కోశానో ఇప్పటికీ గుర్తే. 1995లోనే ఆ దేశానికి తొలి మహిళా అటార్నీ జనరల్ అయిందన్న వాక్యం కోశాను. ఆవిడ పార్టీని పెట్టిన బాస్‌దేవ్ పాండేనే 2010 జనవరిలో పార్టీ ఎన్నికల్లో ఓడించి నాయకురాలైందన్నదీ కోశాను. నాలుగు నెలల్లోనే ఐదు పార్టీలను ఒక్కతాటి మీదికి తెచ్చి 41 సీట్లలో 29 గెలిస్తే, సీట్ల లెక్క ఒక్కటే ఉంచాను. బక్సర్ జిల్లా భేలుపూర్ నుంచి ఓడెక్కి వెళ్లిన ఆవిడ ముత్తాతని మాత్రం మొదటి పేరాలో కూర్చోబెట్టాను. ఇన్‌ఛార్జి “భలే ఉంది” అన్నారు.

నాకు తెలివొచ్చింది 2012 జనవరిలో. జైపూర్‌లో ప్రవాసీ భారతీయ దివస్‌కి వచ్చి ఆవిడ రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ కాళ్లకి దణ్ణం పెట్టింది. ఆ ఫొటో చూసి డెస్కులో మేమంతా మురిసిపోయాం. ట్రినిడాడ్‌లోనేమో ఒకటే గొడవ, మన ప్రధాని ఇంకో దేశాధినేత కాళ్లు ముట్టుకోవడమేమిటని. పెద్దవాళ్లకి ఇచ్చే గౌరవమని ఆవిడ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ దేశంలో భారత మూలాలవాళ్లు మూడోవంతు పైచిలుకు, ఆఫ్రికా మూలాలవాళ్లూ ఇంచుమించు అంతే. ఓట్ల లెక్కలు అలా ఉన్నచోట ఆవిడని “మనమ్మాయి” అనడం ఆవిడకి మేలు చేసే మాటేం కాదు.

మొన్న మోదీ గారు అక్కడికెళ్లి “బీహార్ కీ బేటీ” అన్నారంటే సరే, ఈ ఏడాదే బీహార్ ఎన్నికలున్నాయి. నీకేం ఎన్నికలున్నాయి?

(మద్రాసు రేవు నుంచి ట్రినిడాడ్ వెళ్లిన ఓడల్లో మన తెలుగు కూలీలూ ఉన్నారు. వాళ్ల మనవరాళ్లెవరైనా మంత్రయితే నువ్వు పెట్టే హెడ్డింగ్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.)

నీ వార్తంతా వెతికాను, అక్కడివాళ్లు ఆవిడకి ఎందుకు ఓటేశారో ఒక్క ముక్క లేదు. సుమారు 14 లక్షల జనాభాకి 2024లో 600 పైగా హత్యలు జరిగాయి. ఆ డిసెంబరు చివర్లో ఎమర్జెన్సీ పెట్టారు. 2015లో ఓడిపోయి పదేళ్లు ప్రతిపక్షంలో కూర్చున్న మనిషి, ఈ ఏప్రిల్ 28న 26 సీట్లతో తిరిగొచ్చింది. నాకైతే హెడ్డింగ్ ఇందులోనే కనిపిస్తోంది. ఇప్పుడు నీకు సింగిల్ కాలమ్ బాధ కూడా లేదు కదా.

ఇంకోటి. ఆవిడ వయసు 71 అని రాశావు. పుట్టింది 1952 ఏప్రిల్ 22న, అంటే 73. ఇది చదవగానే మార్పించు. మాకైతే మర్నాడు ఓ మూల సవరణ వేసుకోవడం తప్ప దారి ఉండేది కాదు.

అమ్మ