లాటిన్ క్రెడిట్ వచ్చింది సరే, దేనికి పనికొచ్చింది?

సంపాదకులు గారికి,

అమెరికాలో హైస్కూలు పిల్లలు పరీక్షలు రాసి కాలేజీ క్రెడిట్లు (డిగ్రీ పూర్తవడానికి కూడబెట్టాల్సిన పాయింట్లు) ముందే సంపాదించుకోవచ్చని మీ చదువుల పేజీలో రాశారు. బాగుంది కానీ మొత్తం కాలిక్యులస్, కంప్యూటర్ సైన్సే. గ్రీకు, రోమన్ చదువులంటే పడి చచ్చే పిల్లలూ ఉంటారండీ, మా పెద్దమ్మాయి ఆ బాపతే.

ముందు లేనివి చెప్తా. ప్రాచీన గ్రీకుకి ఏపీ పరీక్ష లేదు (ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష). క్లెప్ అని కాలేజీ క్రెడిట్ కోసమే రాసే పరీక్షలు ఇంకో రకం ఉన్నాయి, వాటిలో గ్రీకూ లేదు, లాటినూ లేదు. రెండో ఏపీ లాటిన్ పరీక్ష ఒకటుండేది, రోమన్ కవి కటుల్లస్ కవితలు అవీ చదవాల్సింది, 2009తో ఆపేశారు. కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ సబ్జెక్ట్ టెస్టుల్లో ఉన్న లాటిన్ 2021లో మిగతా సబ్జెక్టులతో పాటే పోయింది. ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియట్ అనే వేరే సిలబస్) బళ్లలో చదివేవాళ్ల దారి వేరు, మిగతా పిల్లలకి ప్రధానంగా మిగిలింది ఏపీ లాటిన్. మా అమ్మాయి రాసినప్పుడు అందులో సీజర్ రచన, కవి వర్జిల్ కావ్యం ఈనియడ్ ఉండేవి, ఇప్పుడు సీజర్‌ని తీసి ప్లినీ ఉత్తరాలు పెట్టారు, 79లో వెసూవియస్ బద్దలైనప్పటి సంగతులు రాశాడే, ఆయన.

పరీక్ష ముందు రోజుల్లో ఓ రాత్రి మా అమ్మాయి ఈనియడ్ మొదటి పాదం ఆరంభం, 'అర్మ విరుంక్వె కనో', కాగితం మీద రాసుకుని ఒక్కో అక్షరం నెత్తిన గీతో, గిన్నెలాంటి గుర్తో పెడుతోంది. "ఇది గణవిభజన కదమ్మా" అన్నా. నిజంగా అదే! అర్మవి, రుంక్వెక, వరసగా రెండు భగణాలు. వాళ్లు డాక్టిల్ అంటారు, ఒక గురువు రెండు లఘువులు, తర్వాత రెండు హల్లులొస్తే ముందు అక్షరం గురువైపోవడం కూడా మన లెక్కే. పదో తరగతితో వదిలించుకున్నాననుకున్న ఛందస్సుతో ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాం.

ఐదుకి నాలుగు వచ్చింది. సంబరపడ్డాం. కాలేజీలో చేరాక (పేరెందుకులెండి) మూడు క్రెడిట్లు వేశారు, కానీ ఎలక్టివ్ కింద, అంటే తప్పనిసరి కోర్సు దేనికీ బదులు కాకుండా. రెండు సెమిస్టర్ల భాష కోర్సు తప్పుతుందని ఆ పిల్ల పెట్టుకున్న లెక్క మొత్తం తలకిందులైంది, ఎందుకంటే ఆ నిబంధన తీరాలంటే అక్కడ ఐదు రావాలట, లేకపోతే డిపార్ట్‌మెంట్ వాళ్ల ప్లేస్‌మెంట్ పరీక్ష రాయాలట, అది రాస్తే ఏ క్లాసులో కూర్చోవాలో చెప్తారే గానీ క్రెడిట్ ఇవ్వరట. ఇవన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో ఎక్కడో ఉన్నాయి. మేం చూసుకోలేదు, తప్పు మాదీ ఉంది. కానీ నాలుగొస్తే 'క్రెడిట్ ఇస్తాం' అన్న ముక్క మాత్రం పెద్దక్షరాల్లో ఉంది!

భాష వద్దు, చరిత్ర చాలనుకునేవాళ్లకి క్లెప్‌లో వెస్టర్న్ సివిలైజేషన్ 1 ఉంది. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, 20 నుంచి 80 దాకా స్కోరు, 50 వస్తే మామూలుగా మూడు క్రెడిట్లు, అదీ ఒప్పుకునే కాలేజీలో. గ్రీసు, రోము కలిపి అందులో మూడో వంతే. ఏథెన్స్, స్పార్టా యుద్ధాలు కంఠతా వచ్చని ధీమాగా వెళ్తే కుదరదు, మధ్యయుగాలు దాటి 1648 దాకా చదవాలి.

ఇప్పుడు మా చిన్నాడు ప్లినీ మొదలుపెట్టాడు. ఈసారి కాలేజీల లిస్టు రాసి ప్రతి పేరు పక్కన మూడు గడులు గీశాం: ఎంత స్కోరుకి, ఎన్ని క్రెడిట్లు, ఏ కోర్సుకి బదులు. మొదటి రెండూ గంటలో నిండాయి. మూడోది రెండు కాలేజీలకే నిండింది, మిగతావాళ్లకి మెయిళ్లు పెట్టి కూర్చున్నాం. ఈసారి వ్యాసం వేసినప్పుడు ఆ మూడో గడి గురించి కూడా నాలుగు ముక్కలు రాయండి సార్.

ఇట్లు,
అమెరికా నుంచి మీ పాఠకుడు