ఉగ్గుగిన్నెడు గొంతు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నీ గొంతు హాలులో చివరి వరుసకు వినపడదని చెప్పి పాటల బృందంలోకి తీసుకోలేదట కదా. అమ్మ చెప్పింది. ఫోనులో అయితే మధ్యలోనే ‘సరే నాన్నా’ అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

అమెరికా గాయని జూలీ లండన్ గుర్తుందా? మన క్యాసెట్ల దుకాణంలో మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు పెట్టుకునేవాణ్ణి. నీకప్పుడు ఐదేళ్లు. ‘ఈవిడ పడుకుని పాడుతోందా నాన్నా?’ అని అడిగావు.

ఆవిడ 1926లో కాలిఫోర్నియాలో పుట్టింది. అమ్మానాన్నలు వేదికల మీద ఆడిపాడేవాళ్లు. లాస్ ఏంజెలెస్‌లో ఒక బట్టల దుకాణంలో లిఫ్టు నడుపుతూ ఒక సినిమా ఏజెంటు కంట పడింది. 1944లో వచ్చిన తొలి సినిమాలో ఆమెకు తోడు ఒక గొరిల్లా! నవ్వకు, నిజమే. ఆ తర్వాత కొన్ని వేషాలు, నటుడు జాక్ వెబ్‌తో పెళ్లి, ఇద్దరు ఆడపిల్లలు, విడాకులు. అప్పటికి ఆమెను గాయనిగా ఎరిగినవాళ్లు లేరనే చెప్పాలి.

1955లో ‘క్రై మీ ఎ రివర్’ వచ్చింది. వెబ్ తీసిన సినిమాలో జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పాడాలని ఆర్థర్ హామిల్టన్ రాసిన పాట అది. సినిమాలో చోటు దక్కలేదు, చివరికి ఈవిడ దగ్గరకు చేరింది. మోసం చేసి వెళ్లినవాడు ఏడుస్తూ తిరిగొస్తే, నీ కోసం నేను ఏడ్చినంతా ఇప్పుడు నువ్వు ఏడువు అంటుంది. మన అలంకారశాస్త్రం లెక్కలో ఖండిత నాయిక. కానీ ఈ ఖండిత గొంతు పెంచదు. వెనక బార్నీ కెస్సెల్ గిటారు, రే లెదర్‌వుడ్ బేస్, అంతే. డ్రమ్ములు లేవు, వయొలిన్లు లేవు. మాటకు ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. అరిచి ఉంటే ఆ కోపాన్ని ఎవరూ నమ్మేవారు కాదని నా అనుమానం.

తన గొంతు దర్జీ వేలికి తొడుక్కునే టోపీలో పట్టేంతేనని, అందుకే మైకుకు దగ్గరగా పాడాలని ఆవిడే చెప్పుకుంది. మన కొలతలో ఉగ్గుగిన్నెడు. ఆ ఉగ్గుగిన్నెతోనే ముప్పైకి పైగా ఆల్బమ్‌లు చేసింది. వాటి అట్టల మీద ఫొటోలు చూసి కొన్నవాళ్లే ఎక్కువని కొందరంటారు. కొంటే కొన్నారు, విన్నాక తిరిగిచ్చారా?

నటనా మానలేదు. 1958లో గ్యారీ కూపర్ పక్కన ‘మ్యాన్ ఆఫ్ ది వెస్ట్’లో చేసింది. 1972 నుంచి టీవీలో ‘ఎమర్జెన్సీ’ ధారావాహికలో నర్సు. దాన్ని నిర్మించింది మాజీ భర్త వెబ్. అందులో డాక్టరు వేషం ఆమె రెండో భర్త బాబీ ట్రూప్‌ది. మన వైపు అయితే ఈ ముగ్గురినీ ఒక పెళ్లి బంతిలో కూర్చోబెట్టడానికి పెద్దమనుషులు రావాలి. 2000లో పోయింది.

నీ పుట్టినరోజుకు పంపిన మైకు పెట్టెలోనే ఉందని తెలుసు. బయటికి తియ్యి. జానెడు దూరంలో కూర్చో. మూతి కొంచెం పక్కకు తిప్పుకో, లేకపోతే ‘ప’ అన్నప్పుడల్లా గాలి కొడుతుంది. మొన్న అమ్మకు కూనిరాగంగా వినిపించావే, ఆ పాట చాలు. రికార్డు చేసి పంపు. ఫ్యాను ఆపడం మరిచిపోకు, అంత దగ్గరగా పెడితే అదీ పాడుతుంది.

నాన్న