తుపాకి ఎంపికకు ధర, పవర్ చాలవు

సంపాదక మహాశయులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీల్లో లైసెన్స్ తుపాకుల మీద వ్యాసం వేశారు. పక్కన పెద్ద పట్టిక: ధర, పవర్, స్వదేశీనా విదేశీనా, చివరి గడిలో నక్షత్రాలు. మిక్సీ కొనేవాళ్లకు అలాంటి పట్టిక సరిపోతుంది. షోకుతో గురి నేర్చుకోవాలనుకునే మనిషికి అందులో పనికొచ్చే గడి ఒక్కటీ లేదు. పైగా "మహిళలకు ఇదే బెస్ట్" అని ఒక తేలికపాటి రివాల్వర్‌కు ఐదు నక్షత్రాలు ఇచ్చారు. ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం ఆ ఐదు నక్షత్రాలే.

నేను వనపర్తిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇంట్లో రెండు గన్లున్నాయి. ఒకటి బాపు దగ్గర నుంచి వచ్చిన పన్నెండు బోర్ డబల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకి (బోర్ అంటే గొట్టం లోపలి కొలత). రెండోది నేను కొనుక్కున్న 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, గాలి ఒత్తిడితో పనిచేసేది. నేను వాడేది రెండోదే. మొదటిది లైసెన్స్ రెన్యువల్ కోసమే బయటికి వస్తుంది.

కొనాలనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు చట్టం లెక్క చూసుకోవాలి. ఆ ముక్క మీ వ్యాసంలో లేదు. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో మామూలు మనిషి దగ్గర ఉండదగ్గ లైసెన్స్ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చిన తుపాకి కూడా ఆ రెండిట్లోకే వస్తుంది. లైసెన్స్ గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. 2016 నిబంధనల ప్రకారం లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, బతికుండగానే వారసులకు మార్పించవచ్చు. బాపు అట్లనే చేసిండు. అన్న, చెల్లె తమకు అభ్యంతరం లేదని రాసిచ్చారు. దాంతో నా రెండు ఖాళీల్లో ఒకటి నిండిపోయింది. మా పాలమూరు ఊళ్లలో పాత పటేళ్ల ఇళ్లన్నిట్లో పరిస్థితి ఇదే. మూలకు ఒక డబల్ బ్యారెల్ ఉంటుంది, చేతిలో మిగిలేది ఒకే ఒక్క ఖాళీ. ఆ ఖాళీని నక్షత్రాలు చూసి నింపుకుంటే తర్వాత దాన్ని వదిలించుకోవడానికి మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఎయిర్ గన్ విషయం వేరు. 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 బోర్ మించకుండా, గొట్టం చివర శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే దానికి లైసెన్స్ అక్కర్లేదు. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు చూపించి కొనుక్కోవచ్చు. రెండు తుపాకుల లెక్కలోకి అది రాదు. షోకు మొదలుపెట్టేవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే.

మీ పట్టికలో పవర్ గడికి మూడు రకాలే ఉన్నాయి: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. అంకెలేసి చూద్దాం. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ అర గ్రాము బరువున్న సీసం పెల్లెట్‌ను సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో పంపిస్తుంది. అది ఏడు జౌళ్ల పైచిలుకు. .22 రైఫిల్ తూటాది సుమారు 140 జౌళ్లు. లక్ష దాటి పెట్టి కొనే .32 రివాల్వర్‌ది కూడా ఇంచుమించు అంతే, 150 దగ్గర. పన్నెండు బోర్ తూటా రెండు వేలు దాటుతుంది. ఇందులో ఏ అంకే గురి ఎంత బాగా కుదురుతుందో చెప్పదు. మూడు కిలోల డబల్ బ్యారెల్ పేలితే సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో భుజం మీదికి వస్తుంది. నాలుగున్నర కిలోల ఎయిర్ రైఫిల్‌ను ఆ పెల్లెట్ వెనక్కి నెట్టేది సెకనుకు రెండు సెంటీమీటర్లే. కొత్తవాళ్లు మొదట దేనితో నేర్చుకోవాలో ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

ఇక ఆ రివాల్వర్. కాన్పూర్‌లో తయారై 2014లో మార్కెట్లోకి వచ్చిన 'నిర్భీక్' బరువు అర కిలో. మహిళల కోసమని అప్పట్లో బాగా ప్రచారం జరిగింది. ధర లక్షా ఇరవై వేలు దాటింది. హ్యాండ్‌బ్యాగులో పడుతుంది, నిజమే. వెంట పెట్టుకుని పోవడానికి తేలిక. గురికి మాత్రం ఆ తేలికే శత్రువు. డబల్ యాక్షన్ రివాల్వర్ల (ఒక్క ట్రిగ్గర్ లాగుడుతోనే సుత్తి లేచి పడే రకం) ట్రిగ్గర్ మామూలుగా నాలుగైదు కిలోల బలం అడుగుతుంది. అర కిలో వస్తువును కదలకుండా పట్టుకుని, దాని బరువుకు ఎనిమిదింతలో పదింతలో బలంతో ట్రిగ్గర్‌ను ఒక్క వేలితో లాగాలన్నమాట. గొట్టం కొస కదలకుండా ఉంటుందా? పోటీల ఎయిర్ పిస్టల్‌ను చూడండి. బరువు కిలోన్నర దాకా ఉండొచ్చు, ట్రిగ్గర్ అర కిలో బలానికే పడుతుంది. ఆడవాళ్లకు తేలికైంది చాలు అనే లెక్క ఎవరు కట్టారో గానీ, నాకు అది వంటింట్లో కట్టిన లెక్కలాగే కనిపిస్తుంది. ఆత్మరక్షణ కోసం కావాలనుకునేవాళ్ల అవసరం వేరు, దాని మీద నేను వాదించను. మీ వ్యాసం శీర్షికలో ఉన్న మాట 'హాబీ' కాబట్టి ఇదంతా చెబుతున్నాను.

పాత డబల్ బ్యారెల్ ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక మాట. దాని గది, అంటే తూటా కూర్చునే చోటు, రెండున్నర అంగుళాలదో రెండు ముప్పావు అంగుళాలదో తెలుసుకోకుండా కొత్త తూటా పెట్టకండి. పొట్టి గదిలోకి పొడుగు తూటా సులువుగానే దూరుతుంది, ప్రమాదం అక్కడే ఉంది. గొట్టం మీద అలలు అలలుగా గీతలు కనిపిస్తే అది డమాస్కస్ గొట్టం కావచ్చు. అలాంటిది ఇప్పటి తూటాలకు పనికిరాదు, గోడ మీద అలంకారానికే. లైసెన్స్ ఉన్న తుపాకుల మెకానిక్‌కు చూపించి ముందుకెళ్లాలి. ట్రాప్, స్కీట్ (ఎగిరే గురిని కొట్టే పోటీలు) ఆడాలనే కోరిక ఉన్నవాళ్లకు ఈ పాత సరుకు ఎలాగూ సరిపడదు. అక్కడ 24 గ్రాముల తూటాలు, ఎగిరే మట్టి పళ్లేలు, పెద్ద మైదానం కావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎయిర్ రైఫిళ్లను పోల్చాల్సింది మన ఒంటితో. పది మీటర్ల పోటీలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటర్. పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు, కాబట్టి పెల్లెట్ మధ్యభాగం కేంద్రానికి రెండున్నర మిల్లీమీటర్ల లోపల పడాలి. రైఫిల్ మీద గురి చూసే ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య ఎనభై సెంటీమీటర్లు అనుకుంటే, వాటి మధ్య 0.2 మిల్లీమీటర్ తేడా చాలు, పది చేజారుతుంది. అంత సన్నని పనికి మెడ వంచి, భుజం ఎత్తి, ఊపిరి బిగబట్టి గన్‌కు మనం సర్దుకుంటే కుదరదు. గన్నే మనకు సర్దుకోవాలి.

నేను ఐదడుగుల ఒక అంగుళం. నా ఎత్తువాళ్లకు చాలా గన్ల వెనక భాగం పొడుగైపోతుంది. ఎడమ చెయ్యి ముందుకు సాగిపోతుంది, నడుము వెనక్కి వంగుతుంది, పావుగంటకే వీపు పట్టేస్తుంది. కాబట్టి కొనే ముందు చూడాల్సినవి ఇవి. భుజానికి ఆనే వెనక పలక ముందుకూ వెనక్కీ, పైకీ కిందికీ జరుగుతుందా? చెంప ఆనే పలక ఎత్తు మారుతుందా? కళ్లు మూసుకుని గన్‌ను భుజానికి ఎత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరిస్తే వెనక సైట్ రంధ్రం మధ్యలో ముందు సైట్ వలయం కనిపిస్తోందా? కనిపించకపోతే ఆ గన్ మీది కాదు, ఎంత పేరున్న జర్మన్ కంపెనీదైనా సరే. ట్రిగ్గర్ దగ్గరికి వేలి మొదటి కణుపు సహజంగా చేరాలి, చెయ్యి తిప్పాల్సిన పని పడకూడదు.

స్ప్రింగ్ గన్ మంచిదా, గాలి నింపే గన్ మంచిదా అని కాలేజీలో పిల్లలు కూడా అడుగుతారు. స్ప్రింగ్ గన్‌లో పెల్లెట్ గొట్టం దాటకముందే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగుతుంది. గన్ వణుకుతుంది. పట్టు ఏ కొంచెం మారినా గుండు పక్కకి పోతుంది. అందుకే దానితో గురి కుదరడం కష్టం, కుదిరితే మాత్రం చెయ్యి గట్టిపడుతుంది. దేశీ స్ప్రింగ్ గన్లు పదిహేను వేల లోపు దొరుకుతాయి. షాపువాళ్లు పెల్లెట్ లేకుండా టిక్కుమని కొట్టి చూపిస్తుంటారు. స్ప్రింగ్ గన్‌ను ఉత్తినే కొడితే పిస్టన్ సీలు పాడవుతుంది, అలా చూపించిన పీసును కొనకండి. గాలి సిలిండర్ ఉన్న మ్యాచ్ రైఫిల్లో, అంటే పోటీల రైఫిల్లో, ఈ వణుకు లేదు. ఉత్తినే ట్రిగ్గర్ నొక్కి సాధన చేసే ఏర్పాటు కూడా ఉంటుంది, ఇంట్లో నా సాధనలో ఎక్కువ భాగం అదే. కానీ విదేశీ మ్యాచ్ రైఫిల్ ధర రెండు లక్షలు దాటుతుంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే మొదట సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడాలి. పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీల్లో అనుమతించరు, ఇంట్లో వాడటమూ తెలివైన పని కాదు. రెండు వందల బార్ల ఒత్తిడి అంటే టెన్షన్ పడాల్సిన విషయమే.

చాలామంది పట్టించుకోనిది పెల్లెట్. ఒకే గన్ ఒక డబ్బా పెల్లెట్లతో అన్నీ ఒకే చిల్లులో వేస్తుంది, ఇంకో డబ్బాతో గురి కార్డంతా చెల్లాచెదురు చేస్తుంది. తల వ్యాసం 4.49, 4.50 అని డబ్బా మీద రాసి ఉంటుంది, మిల్లీమీటర్‌లో ఆ వందో వంతు తేడా కాగితం మీద కనిపిస్తుంది. గన్ మార్చే ముందు పెల్లెట్ మార్చి చూడండి. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కున్నాకే టిఫిన్.

మీ వ్యాసంలో గగన్ నారంగ్, ఈషా సింగ్ ఇద్దరి ఫొటోలు పక్కపక్కన వేసి కింద రైఫిల్ ధరలు ఇచ్చారు. ఇద్దరూ హైదరాబాద్ వాళ్లే, ఆయనది 2012 లండన్‌లో రైఫిల్ కాంస్యం. ఈషా మాత్రం పిస్టల్ షూటర్. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు ఆమె తెచ్చింది పిస్టల్‌తోనే. మీ పేజీ చూసి ఒక తండ్రి "ఈషా సింగ్ రైఫిల్ ఎంత మేడం?" అని నాకు ఫోన్ చేశాడు. ముందు పాపకు రెండూ చేతికివ్వండి అన్నాను. ఆయన అడిగిన తర్వాతి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: ఎక్కడ?

వనపర్తి నుంచి ఏ గన్ అయినా భుజానికి ఎత్తి చూడాలంటే హైదరాబాద్ పోవాలి. కొత్తకోట మీదుగా హైవే ఎక్కితే పోను రాను ఒక రోజు. పిల్లకు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి జీతం కోసుకుని రోజంతా తిరిగే తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారు? అందుకే ఫోన్లో వీడియో చూసి ఆర్డర్ పెడుతున్నారు, నెల తిరక్కుండా అది అటక ఎక్కుతోంది. పది మీటర్ల రేంజ్‌కు కావాల్సింది పెద్ద స్టేడియం కాదు. పదిహేను మీటర్ల పొడుగు హాలు, వెనక గట్టి గోడ, పెల్లెట్లను పట్టే ఇనుప పెట్టెలు, తాడు మీద జరిగే కార్డులు, లోపలికి ఒకే తలుపు. వేర్వేరు కొలతల గన్లు మూడు నాలుగు, తాళం వేసే బీరువా, బాధ్యత తీసుకునే శిక్షకుడు ఒకరు. జిల్లా క్రీడల అధికారులు ఇండోర్ హాలులో ఒక పక్క ఇస్తే చాలు. మా కాలేజీ పిల్లలను నేను తీసుకొస్తాను.

ఎన్నికల ముచ్చట కూడా కొద్దిగా. 2023 నవంబర్‌లో అసెంబ్లీకి, 2024 మేలో లోక్‌సభకు పోలింగ్ జరిగినప్పుడు బాపు డబల్ బ్యారెల్‌ను పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయి జమ చేసి రసీదు తెచ్చుకున్నాను. ఆ పద్ధతి మీద నాకు ఫిర్యాదు లేదు. రసీదు మీద తుపాకి నంబర్ సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకోండి, అంతే. రైఫిల్ సంఘంలో సభ్యులైన క్రీడాకారులకు ఎన్నికలప్పుడు ఈ జమ నుంచి మినహాయింపు ఇస్తుంటారు. పోటీలకు వెళ్లేవాళ్లు తమ కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

పల్లికాయ పొలాల కాలం వస్తే నాకు ఇంకో తలనొప్పి. "అక్కా, నీ తుపాకితోని పందులు పోతయా?" అని చుట్టుపక్కల రైతులు అడుగుతారు. వాళ్ల నష్టం చిన్నది కాదు, రాత్రికి రాత్రి మడి మొత్తం తవ్వేస్తాయి. కానీ నా ఎయిర్ రైఫిల్ కాగితానికి చిల్లు పెట్టడానికి, పందికి కాదు. 1972 వన్యప్రాణి చట్టం ఉన్నప్పుడు నా డబల్ బ్యారెల్‌తోనూ నేను సొంతంగా ఆ పనికి దిగలేను. అడవి శాఖ వాళ్లను అడగాలి. గువ్వల మీద, చిలుకల మీద ఎయిర్ గన్ ఎక్కుపెట్టే కుర్రాళ్లకూ అదే చట్టం వర్తిస్తుంది. మీ వ్యాసంలో చెట్టు కింద నిలబడి పైకి గురిపెట్టిన కుర్రాడి ఫొటో వేయకుండా ఉండాల్సింది.

చివరగా ఒక సవరణ తప్పక వేయండి. పట్టికలో ఆరో వరుసలో .303 రైఫిల్‌నూ, ఏడో వరుసలో 9 ఎంఎం పిస్టల్‌నూ "లైసెన్స్‌తో కొనవచ్చు" అన్నట్టు పెట్టారు. ఆ రెండూ నిషిద్ధ బోర్లు. కలెక్టరేట్‌లో మనం మామూలుగా పెట్టుకునే లైసెన్స్ మీద అవి రావు. మనకు వచ్చేవి .32, .22, .315, పన్నెండు బోర్ లాంటివి. మీ పట్టిక కోసి పర్సులో పెట్టుకున్నవాళ్లను ఇప్పటికే మా ఊళ్లో చూశాను. ఎవరైనా దాన్ని నమ్మి ఏ బ్రోకర్ చేతిలోనో అడ్వాన్స్ పెట్టకముందే, ఈ వారమే, అదే పేజీలో అదే సైజులో వేయగలరు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ అధ్యాపకురాలు,
వనపర్తి