ఆదివారం పిల్లలతో కూర్చుందాం

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి పదకొండింటికి మన వెనక గేటు దగ్గర ఇంటర్ చదివే ముగ్గురు పిల్లలు స్కూటీ మీంచి పడ్డారు. లేపబోతే బీరు వాసన. మోచేతులు గీరుకుపోయాయి, అంతే. నాకు మాత్రం ఇంకా కాళ్లు వణుకుతున్నాయి. పేర్లు చెప్పను, వాళ్ల ఇళ్లలో మాట్లాడాను.

తాగి బండి నడిపినా ఫైన్ కడితే సరిపోతుందనే మన పిల్లలకు తెలుసు. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. తాగిన మత్తులో ఎవరి ప్రాణమైనా పోతే అది ఇంకా పెద్ద కేసు.

18 నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి ఓనరుకో 3 ఏళ్ల వరకు జైలు, 25,000 జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఈ మాట వినగానే మావాడి ముఖం మారిపోయింది. జైలు కంటే లైసెన్సే వాళ్లకు గట్టిగా తగులుతుంది, అదే ముందు చెప్పండి.

ఆదివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాల్లో కలుద్దాం. లాయరుగా చేసే మా తమ్ముడు వస్తున్నాడు. పిల్లల్ని తీసుకురండి. ఈలోగా బండి తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి.