నీ సుద్దముక్క పేరు ఇక్కడ దొరకలేదురా

ఒసాకా,
గురువారం రాత్రి

ఒరే సత్తీ,

నువ్వడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తున్నాను. నీ పేరు ఎక్కడా కనిపించలేదు.

ఆరో తరగతిలో ఎస్.కోట స్టేషన్లో ఆగిన, జపాన్ పోయే ఇనుప రాయి మోసే ఓర్ గూడ్స్ వేగన్ మీద సుద్దముక్కతో ఇంతింత అక్షరాల్లో 'సత్తి' అని రాశావు, జపానోడు చదవాలని. ఆ వేగన్లు విశాఖ పోర్టులో ఖాళీ అయి మళ్లీ కిరండూల్ గనులకి పోతాయనీ, ఓడెక్కేది రాయి ఒక్కటేననీ నాన్న చెప్పాక నువ్వు రెండ్రోజులు మూతి ముడుచుకుని తిరిగావు. అయినా మొన్న నేను బయల్దేరేముందు ఫోన్ చేసి "ఓసారి చూసి చెప్పరా" అన్నావంటే నీ ఆశకి దణ్ణం పెట్టాలి.

పేరు దొరకలేదు గానీ మన బైలదిల్లా గనుల ఇనుము మాత్రం రోజంతా వెతికాను. అదే రాద్దామని కూర్చున్నాను. మా ఆవిడ, చిన్ని పడుకున్నారు. అమ్మ పక్కగదిలో తమ్ముడితో ఇంకా ఆ మ్యూజియం కబుర్లే చెబుతోంది.

మేం వెళ్లింది క్యోటో రైల్వే మ్యూజియానికి. ఒసాకా నుంచి క్యోటోకి మామూలు టిక్కెట్టుతో ఎక్కే వేగం బండి ఒకటుంది, అరగంటలో దింపేస్తుంది. అక్కడ లోకల్ మారి ఒక్క స్టేషను వెళ్తే ఉమెకోజి-క్యోటోనిషి. ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటున్న మా తమ్ముడు మమ్మల్ని నిన్న తీసుకెళ్లాడు. నిన్న బుధవారం. బుధవారం వాళ్లకి సెలవు! మూసిన గేటు ముందు ఫొటో దిగి వచ్చేశాం. "మన దగ్గరైతే వాచ్‌మన్‌ని బతిమాలితే ఓ పది నిమిషాలు చూడనిచ్చేవాడు" అంది అమ్మ. ఈరోజు మళ్లీ వెళ్లాం.

వెళ్లే బండిలోనే ఒక సంగతి జరిగింది. ఇక్కడ డ్రైవరు గది వెనక అద్దం ఉంటుంది, నిలబడి ముందు పట్టాలన్నీ చూడొచ్చు. చిన్ని ముక్కు అద్దానికి ఆనించి నిలబడింది. డ్రైవరు తెల్ల గ్లవ్స్ వేసుకుని, సిగ్నల్ రాగానే వేలు చూపించి పైకి ఏదో అంటాడు. గడియారం చూసి వేలు, స్పీడు చూసి వేలు. పక్కన మనిషి లేడు, తనలో తనే. చిన్ని నవ్వింది. అమ్మ నవ్వలేదు. "మీ నాన్న ఇంటికి తాళం వేసి ఏమనేవారో గుర్తుందిరా?" అంది. గుర్తు లేకేం! తాళం మీద వేలు పెట్టి "తాళం పడింది", గ్యాస్ దగ్గర "గ్యాస్ కట్టేశాను". మనం వెనకాల వెక్కిరించేవాళ్లం కదరా. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉద్యోగం ఇంటిదాకా వచ్చేసిందని నేననుకునేవాణ్ని. వేలు చూపించి పైకి అంటే పొరపాట్లు ఆరోవంతుకి తగ్గుతాయని ఇక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో లెక్క తేల్చిందట. నాన్న లెక్కా పత్రం లేకుండానే తేల్చుకున్నాడు.

మ్యూజియంలోకి అడుగుపెట్టగానే పాత స్టేషను ప్లాట్‌ఫారమ్‌లా ఉంటుంది. ఇటు బండ్లు, అటు బండ్లు, మధ్యలో మనం. మొదట కంటపడింది జీరో సిరీస్ షింకాన్‌సెన్, అదే మన క్విజ్ పుస్తకాల్లో బుల్లెట్ ట్రెయిన్ అని వేసిన బొమ్మ. గుండ్రటి ముక్కు, తెలుపూ నీలం. 1964 అక్టోబరు 1న టోక్యో నుంచి ఒసాకాకి గంటకు 210 కిలోమీటర్ల వేగంతో మొదలైన రకం ఇదే. నేను వెళ్లి రేకు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. "ఇందులో మన ఇనుము ఉండొచ్చు" అన్నాను మా ఆవిడతో. ఆవిడ బోర్డు చదివి "ఇది 1964లో చేసినది. మీ లైను ఎప్పుడు పడింది?" అంది. జపాన్‌తో ఒప్పందం కుదిరింది 1960లో. కానీ కొత్తవలస నుంచి కిరండూల్‌దాకా 58 సొరంగాలు తవ్వి, 84 వంతెనలు కట్టి, ఖనిజం దిగేసరికి ఆ దశాబ్దం చివరికొచ్చింది. అంటే ఈ బండి మనకంటే ముందుది. పక్కనే ఆరెంజ్ రంగు లోకల్ పెట్టె, 103 సిరీస్. దాని తారీఖూ 1964. ఎవరో కావాలని పెట్టినట్టు!

ఈ షింకాన్‌సెన్ వెనక ఒక కథుంది. నువ్వు కాంట్రాక్టరువి కాబట్టి నీకు బాగా అర్థమవుతుంది. అప్పటి రైల్వే అధ్యక్షుడు సోగో షింజి. ఈ లైను కావాలని పట్టుబట్టినవాడు. అసలు ఖర్చు చెబితే పార్లమెంటు ఒప్పుకోదని ఎస్టిమేటు తగ్గించి వేయించాడు. ప్రపంచ బ్యాంకు దగ్గర 8 కోట్ల డాలర్ల అప్పు కూడా తెచ్చారు. అప్పిచ్చినవాళ్లు చూస్తుండగా పని మధ్యలో ఆపలేరు కదా, అదీ ఎత్తు. ఆఖరికి ఖర్చు దాదాపు రెట్టింపయింది. 1963లో సోగో దిగిపోవాల్సి వచ్చింది, ఆయనతోపాటే ఇంజనీరు షిమా హిదేవో తప్పుకున్నాడు. మరుసటేడు మొదటి బండికి రిబ్బన్ కత్తిరించే వేడుకలో ఇద్దరూ లేరు. నువ్వు "రివైజ్డ్ ఎస్టిమేట్" అని నెత్తీ నోరూ కొట్టుకున్నప్పుడల్లా ఈయన్ని తలుచుకో. నీకు కనీసం భోజనానికైనా పిలుపు వస్తుంది.

లోపలి హాల్లో 500 సిరీస్ ఉంది. ఒరే, అది బండి కాదు, బాణం. ముక్కు ఒక్కటే 15 మీటర్లు. 1997లో గంటకు 300 కిలోమీటర్లు పరిగెత్తింది. అంత వేగంతో బండి సొరంగంలో దూరితే లోపలి గాలి నొక్కుకుపోయి రెండోవైపు తుపాకీ పేలినట్టు డాంమని చప్పుడొచ్చేదట, చుట్టుపక్కల ఇళ్లవాళ్ల గోల. మన అరకు బండి సొరంగంలో దూరితే అరిచేది మనమే, వీళ్లకి సొరంగమే అరిచింది. నకాత్సు ఎయిజి అనే ఇంజనీరుకి పక్షుల్ని చూసే సరదా. లకుముకి పిట్ట చెరువులోకి దూకితే నీళ్లు చిందవు కదా, ఆ ముక్కు చూసి దీనికి ముక్కు పెట్టారు. పైన కరెంటు తీగని తాకే భాగం రొద చెయ్యకుండా గుడ్లగూబ ఈకని చూసి నేర్చుకున్నారు. మన పెద్ద చెరువు గట్టు మీద లకుముకిని గులేరుతో కొట్టబోయిన నీకు ఈ పేరా అంకితం.

సరే, నా లెక్క నాది. దాని మీదా చెయ్యి వేశాను. తమ్ముడు పక్కన నిలబడి నవ్వుతున్నాడు. "అన్నయ్యా, అది అల్యూమినియం."

ఆకలేసింది. మ్యూజియంలో పాత రాత్రి రైలు భోజనం పెట్టె ఒకటి నిలబెట్టి అందులో తినుబండారాలు అమ్ముతున్నారు. కానీ ఈ దేశంలో శాకాహారం సంగతి నీకు తెలీదు. కూరలో ముక్క లేకపోయినా పులుసులో చేప ఉంటుంది. అమ్మ అందుకే పొద్దున్నే లేచి ఆవ పెట్టిన పులిహోర చేసి డబ్బాలో సర్దింది. బల్ల దగ్గర డబ్బా మూత తీసేసరికి ఇంగువ వాసనకి పక్క బల్ల పిల్లాడు తలెత్తి చూశాడు. అమ్మ వాడికీ కాస్త పెట్టబోయింది. వాళ్లమ్మ వంగి వంగి నమస్కారాలు పెట్టి వద్దంది. ఇద్దరూ అలా వంగుతూనే ఉన్నారు, ఎవరు ముందు ఆపాలో తెలీక.

డ్రైవింగ్ సిమ్యులేటర్‌కి లాటరీ తీస్తారు. చిన్నికి రాలేదు. అరగంట అలక. మూడో అంతస్తు మిద్దె మీదకి తీసుకెళ్లి నిజం షింకాన్‌సెన్‌లు చూపిస్తే అలక దిగింది. అక్కణ్నుంచి ఊళ్లో పట్టాలన్నీ కనిపిస్తాయి, వెనకాల తోజి గుడి అయిదంతస్తుల గోపురం. ఏడు బండ్లు లెక్కపెట్టింది. ఎనిమిదోది వచ్చేలోపు నాకు కాళ్లు లాగేశాయి.

అసలైనది వెనకుందిరా. ఆవిరి ఇంజన్ల షెడ్డు! 1914లో కట్టినది, విసనకర్ర విప్పినట్టు 20 గదులు, మధ్యలో ఇంజన్లని తిప్పే టర్న్‌టేబుల్. ఈ మ్యూజియం 2016లో వచ్చింది గానీ ఈ షెడ్డు 1972 నుంచే ఆవిరి ఇంజన్ల మ్యూజియం. ఒక్కో గదిలోంచి ఒక్కో నల్ల ఇంజను మొహం బయటపెట్టి నిలబడి ఉంది, సంతలో గేదెల్లాగ. పేర్లలో కిటుకుంది. సి అంటే నడిపే ఇరుసులు మూడు, డి అంటే నాలుగు. డి51 రకం 1,115 ఇంజన్లు చేశారట. సి62 రకం ఒకటి 1954లో గంటకు 129 కిలోమీటర్లు పోయింది, అదీ మన బ్రాడ్‌గేజి మీద కాదు, 1067 మిల్లీమీటర్ల సన్నపట్టాల మీద. అమ్మ ఆ పట్టాలు చూసి "ఇది మా నౌపడా చిన్నరైలు కదరా!" అంది. నౌపడా-గుణుపూర్ లైను అప్పట్లో ఇంకా సన్నం, 762 అని చెప్పబోయాను. పాతపట్నం ఆడపడుచుతో ఆ రైలు గురించి వాదన పెట్టుకోకూడదని ఊరుకున్నాను.

ఒక ఇంజనుకి నిప్పు వేసి, పెట్టెలు తగిలించి, అరకిలోమీటరు పోను, అరకిలోమీటరు రాను తిప్పుతారు. ఎక్కాం. పక్కలు తెరిచున్న పెట్టె. కూత వేసిందిరా... కడుపులోంచి వచ్చింది ఆ కూత. చిన్ని తల బయటపెట్టింది. అమ్మ "తల లోపలికి" అనేలోపే కంట్లో నలుసు పడింది. ఏడుపు. మా ఆవిడ సంచీలో చుక్కల మందు వెతుకుతోంది. అమ్మ ఏమీ మాట్లాడకుండా కొంగు చివర ఉండ చుట్టి, నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊది, చిన్ని కంటి మీద అద్దింది. మళ్లీ ఊది, మళ్లీ అద్దింది. మూడోసారికి చిన్ని కళ్లు తెరిచి "పోయింది" అంది. కొంగు మీద మిరియం గింజలో పదోవంతు నల్లచుక్క. అమ్మ దాన్ని చూసి మురిసిపోయింది. "ఇదిరా బొగ్గు బండంటే" అని పెట్టెలో అందరికీ చూపించింది, జపాన్ వాళ్లకి కూడా.

దిగాక అమ్మ కనిపించలేదు. పావుగంట గుండె దడ. తమ్ముడు షెడ్డు చుట్టూ, నేను హాలంతా. ఆఖరికి బయటికెళ్లే దారిలో దొరికింది. అక్కడ 1904 నాటి పాత నిజో స్టేషను, చెక్క భవనం, విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అందులో బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని, చెప్పులు విడిచి, రైలు కోసం చూస్తున్నట్టు కూర్చుంది. "ఎక్కడికెళ్లిపోయావే అమ్మా" అని కేకలేశాను. "స్టేషన్లో తప్పిపోతే స్టేషన్లోనే కూర్చోవాలని మీ నాన్న చెప్పారు కదరా" అంది. ఏం మాట్లాడతాం చెప్పు!

ఆవిణ్ని వెతుకుతూ హాల్లోంచి పరిగెడుతుంటే ఒక బండి కనిపించింది. దొరికాక మళ్లీ వెనక్కెళ్లి చూశాను. 100 సిరీస్ షింకాన్‌సెన్, సొర చేప మూతి. 1985లో మొదలైన రకం. "ఇది ఉక్కేనా?" అన్నాను. తమ్ముడు ఫోన్లో చూసి "ఉక్కే" అన్నాడు. 85 నాటికి మన ఓర్ బండ్లు రాత్రీ పగలూ దిగుతూనే ఉన్నాయి కదరా, నాన్న పచ్చజెండా ఊపుతూనే ఉన్నాడు. ఏ రాయి ఏ కొలిమిలో పడిందో ఎవడు చెప్తాడు గానీ, నేను మాత్రం దాని మీద చెయ్యి వేసి కాసేపు తియ్యలేదు. మా ఆవిడ ఈసారి బోర్డు చదవలేదు. చిన్ని అడిగింది, సత్తి మావ పేరు దీని లోపల ఉందా అని. ఉందన్నాను. సుద్ద కరిగిపోయిందని చెప్పాను.

ఇక్కడ చాలా స్టేషన్లలో రబ్బరు ముద్ర ఒకటి బల్ల మీద పెడతారు, ఎవరి కాగితం మీద వాళ్లు కొట్టుకోవచ్చు. మ్యూజియం ముద్ర కొట్టిన కాగితం ఇందులో పెట్టాను. కింద 'సత్తి' అని వంకరగా రాసింది చిన్ని.

ఇంకో మాట. అద్దాల బీరువాలో పాతకాలం చేతి సిగ్నల్ లాంతర్లు పెట్టారు. అచ్చం నాన్న స్క్రాపు వేలంలో కొన్నది లాంటిదే. క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు మీ ఇంటి అటక మీద పెట్టాం చూడు, అది. వచ్చే నెల రెండో ఆదివారం వస్తాను. ఈలోపు దించి ఉంచు. ఎర్రగాజు వైపు బిగుతు తక్కువ, పట్టుకునేటప్పుడు జాగ్రత్త. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బుజ్జి